బిడ్డకూ ఒక ఊరుంది



భిలాయిలో ఇద్దరు తెలుగువాళ్ళు కొత్తగా కలిస్తే మొదట అడిగేది ‘ఏ సెక్టారు?’ అని. తర్వాత అడిగేది ‘మీదే ఊరు?’ అని. మొదటిదానికి జవాబు క్వార్టరు మారినప్పుడల్లా మారుతుంది, రిటైరయితే పూర్తిగా పోతుంది. రెండోదానికి జవాబు మూడు తరాలు గడిచినా మారదు. ఉక్కు కర్మాగారం కోసం 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారి చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైన ఊరిది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికి వచ్చినవాళ్ళ మనవలు సెక్టార్ 9 ఆసుపత్రిలో పుట్టారు, హిందీలో చదువుకున్నారు, ఖుర్సీపార్‌లోనో సెక్టార్లలోనో పెరిగారు. అయినా ఊరడిగితే టెక్కలి అనో బొబ్బిలి అనో చెబుతారు. అందులో చాలామంది ఆ ఊళ్ళో వరసగా నెల్లాళ్ళు ఉండి ఎరగరు. పెద్దవాళ్ళ కథ ఎక్కడ మొదలైందో అదే ఊరు. ఈ టౌన్‌షిప్పు తెలుగులో ఆ మాటకున్న అర్థం అది. ఇలాంటి చోట ఒక ఇంటికి దత్తత బిడ్డ వస్తుంది. ఆ పిల్లదే ఊరు? నాన్నది టెక్కలి గనక పిల్లదీ టెక్కలే అంటే తప్పేమీ లేదు, కానీ అది సగం జవాబు. మిగతా సగం ఆమెను తెచ్చుకోవటానికి తల్లిదండ్రులు చేసిన ప్రయాణంలో ఉంది. ఆ ప్రయాణాన్ని మనం పార్సిలు విడిపించుకొచ్చినంత తొందరగా ముగించేస్తున్నాం. అది రేపు బిడ్డకు చెందాల్సిన సొత్తు గనక నిదానంగా, కళ్ళూ చెవులూ తెరుచుకుని చెయ్యాలని ఈ ప్రసంగంలో నా వాదన.

దీనికి సాక్ష్యం ముందు చైనాలో వెతకాలి. బిడ్డల కోసం తల్లిదండ్రులు చేసే ప్రయాణం ఒకే తీరుగా, వేల కుటుంబాలతో, దాదాపు ముప్పై ఏళ్ళు సాగిన చోటు అది. ఇంటికొక్క బిడ్డ చాలని 1980లో ఆ దేశం కట్టడి పెట్టాక సంతల్లో, వంతెనల పక్కన, అనాథాశ్రమాల గేట్ల దగ్గర వదిలేసిన ఆడపిల్లలు కనిపించటం మొదలైంది. 1992 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన చట్టం విదేశీయులకూ దత్తత దారి తెరిచింది. అప్పటి నుంచి 1,60,000 మందికి పైగా పిల్లలు దేశం దాటి వెళ్ళారు. అందులో సగానికి పైగా అమెరికాకే. 2005 ఒక్క ఏడాదిలో అక్కడికి చేరినవాళ్ళు దాదాపు 7,900. దత్తత నమోదుకు పెంచుకునేవాళ్ళు స్వయంగా రావాలన్నది చైనా పెట్టిన షరతు. అందుకని భార్యాభర్తలు, చాలాసార్లు పెద్దబిడ్డనో అమ్మమ్మనో వెంటబెట్టుకుని, రెండు వారాల ప్రయాణం కట్టేవారు. బీజింగ్‌లో దిగి ఒకటి రెండు రోజులు, అక్కడి నుంచి బిడ్డ ఉన్న రాష్ట్రపు రాజధానికి. అక్కడ పౌర వ్యవహారాల కార్యాలయంలోనో హోటలు గదిలోనో బిడ్డను చేతిలో పెట్టేవారు. అమెరికావాళ్ళయితే తర్వాత దక్షిణాన గ్వాంగ్‌జౌ వెళ్ళి వైద్య పరీక్ష, వీసా. అలా వెళ్ళిన రాజధానుల్లో వూహాన్ ఒకటి. అది మనలాగే సోవియట్ సాయంతో కట్టుకున్న ఉక్కు నగరం. 1958లో తొలి ఇనుము తీసింది, అంటే భిలాయికి కొద్ది నెలలు పెద్ద. ఆ ఊరి పేరు పాస్‌పోర్టులో రాయించుకుని వెళ్ళిన ఆడపిల్లలు ఇప్పుడు కాలేజీలు దాటి ఉద్యోగాల్లో ఉన్నారు. 2024 సెప్టెంబరులో, దగ్గరి బంధువులకు తప్ప ఇక విదేశీ దత్తత లేదని చైనా ప్రకటించటంతో ఆ దారి మూసుకుపోయింది.

స్వయంగా రావాలన్న ఆ షరతుకు ఎంత విలువుందో కొరియాను పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. దక్షిణ కొరియా 1950ల నుంచి దాదాపు 2 లక్షల మంది పిల్లల్ని విదేశాలకు పంపింది. అక్కడ చాలాకాలం తల్లిదండ్రులు వెళ్ళనక్కర్లేదు. విమానంలో తోడువచ్చే మనిషి బిడ్డను తెచ్చి ఎయిర్‌పోర్టులో చేతికిచ్చేవాడు. దీని ఫలితం రెండు చోట్ల బయటపడింది. మొదటిది కాగితాల్లో. తల్లిదండ్రులున్న పిల్లల్ని అనాథలని రాశారనీ, ఒక బిడ్డ పేరుతో ఇంకో బిడ్డను పంపారనీ 2025 మార్చిలో ఆ దేశపు సత్యశోధన కమిషనే తేల్చింది. రెండోది పౌరసత్వంలో. కొరియా నుంచి వచ్చిన బిడ్డకు అమెరికాలో మళ్ళీ దత్తత ఉత్తర్వు, ఆపైన విడిగా పౌరసత్వం తెచ్చుకోవాల్సి వచ్చేది. పెంచినవాళ్ళు ఆ పని మరిచిపోతే బిడ్డ పెద్దయ్యాక ఏ దేశానికీ చెందక మిగిలిపోయేది. అలా నలభై ఏళ్ళు దాటాక దేశం నుంచి పంపేసినవాళ్ళూ ఉన్నారు. 2001 ఫిబ్రవరిలో అమలైన అమెరికా చట్టం ఈ తేడాను సూటిగా చూపింది. తల్లిదండ్రులు స్వయంగా వెళ్ళి, బిడ్డను చూసి, అక్కడే దత్తత పూర్తిచేసుకుని వస్తే ఆ బిడ్డ అమెరికాలో అడుగు పెట్టగానే పౌరురాలు. చూడకుండా తెప్పించుకుంటే మళ్ళీ కోర్టు మెట్లెక్కాలి. ‘వెళ్ళి చూశారా?’ అన్న ప్రశ్న అలా చట్టంలోకే ఎక్కింది.

ఇక్కడ వినేవాళ్ళలో ఎవరో ఒకరు తప్పకుండా అడ్డుపడతారు, పడాలి కూడా. చైనాలో అందరూ వెళ్ళారు, చూశారు. మరి అక్కడ మోసం ఆగిందా? ఆగలేదు. 2005 చివర్లో హునాన్ రాష్ట్రంలో హెంగ్‌యాంగ్ వ్యవహారం బయటపడింది. దక్షిణాది నుంచి దళారులు తెచ్చిన పసిపిల్లల్ని అనాథాశ్రమాలు డబ్బిచ్చి తీసుకుని, దొరికిన పిల్లలుగా రాసి దత్తతకిచ్చాయి. మరుసటి ఏడాది కోర్టు శిక్షలు వేసింది. అదే రాష్ట్రంలో షావ్‌యాంగ్ వైపు కుటుంబ నియంత్రణ అధికారులే జుల్మానా కట్టలేని ఇళ్ళ నుంచి పిల్లల్ని లాక్కుపోయారని 2011లో ఒక చైనా పత్రిక రాసింది. బిడ్డను తీసుకునేటప్పుడు ఆశ్రమానికి దాదాపు 3,000 డాలర్ల విరాళం అప్పట్లో తప్పనిసరిగా ఉండేది. ఆ మొత్తం పల్లెలోని ఆశ్రమానికి ఎంత పెద్దదో, ఆ వ్యవస్థను ఎటు లాగిందో ఊహించటం కష్టం కాదు. పైగా ఆ ప్రయాణం ఒక విహారయాత్రగా మారిన మాటా నిజం. గ్వాంగ్‌జౌలో షామియాన్ లంక మీదున్న వైట్ స్వాన్ హోటల్లో దిగిన కుటుంబాలకు, చంకలో చైనా పాపను ఎత్తుకున్న బార్బీ బొమ్మను కానుకగా ఇచ్చేవారు. చుట్టూ పట్టు గౌన్లు, రాతి ముద్రలు అమ్మే దుకాణాలు. బిడ్డ ఊరు మాత్రం అక్కడికి వందల కిలోమీటర్ల అవతల. చాలామంది ఆ ఊరి పొలిమేర చూడకుండానే వెనక్కి వెళ్ళారు.

మనకు వేలెత్తి చూపే అర్హత ఏమీ లేదు. 1999లోనూ మళ్ళీ 2001లోనూ హైదరాబాదులో బయటపడ్డ సంగతి పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. నల్గొండ జిల్లా దేవరకొండ వైపు లంబాడా తండాల్లో మూడో ఆడపిల్ల, నాలుగో ఆడపిల్ల పుట్టిన ఇళ్ళకు దళారులు వెళ్ళి చిన్న మొత్తాలు చేతిలో పెట్టారు. తల్లి వేలిముద్ర వేసిన ఒప్పుకోలు కాగితం ఒకటి పుట్టింది. ఆ కాగితం నగరం చేరి, అక్కడి నుంచి విదేశాలకు దారి వేసింది. చివరికి 2001లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తల్లిదండ్రుల ఒప్పుకోలు పత్రాలతో జరిగే దత్తతలనే నిలిపేసింది. ఈ రెండు కథల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. హునాన్‌లోనూ నల్గొండలోనూ దళారి దాచింది ఒక్కటే, బిడ్డ ఎక్కడి నుంచి వచ్చిందన్నది. తండా పేరు చెరిపేస్తేనే అతని వ్యాపారం సాగుతుంది. కొనేవాడు రాజధాని హోటల్లోనే ఆగిపోతే అతనికి నిశ్చింత. కాబట్టి ప్రయాణం మోసాన్ని ఆపలేదన్న మాటకు నేను తలవంచుతాను. అయితే ఆ ప్రయాణాలు సగంలో ఆగినవని గుర్తుచేస్తాను. మొత్తం దూరం వెళ్ళినా మోసం పూర్తిగా ఆగేదని చెప్పను. ఆ పని పోలీసులది, కోర్టులది. తల్లిదండ్రులు చెయ్యగలిగింది సాక్షులుగా ఉండటం. బిడ్డ దొరికిన చోటు, తేదీ, ఫొటోతో చైనా పత్రికల్లో ప్రకటనలు వేసేవారు. కొన్ని కుటుంబాలు ఆ పాత కాగితాలు వెతికి పట్టి దాచాయి. ఇవాళ డీఎన్ఏ పరీక్షలతో కన్నవాళ్ళను వెతుక్కుంటున్న అమ్మాయిలకు మొదటి ఆధారం చాలాసార్లు ఆ ముక్కే.

ఇదంతా దూరపు వింత అనుకుంటే మన సంప్రదాయాన్నే తిరగెయ్యండి. దత్తతలో మన పెద్దలు పట్టుబట్టింది ‘ఇవ్వటం, పుచ్చుకోవటం’ అన్న క్రియ మీద. బంధువుల ఎదుట కన్నవాళ్ళు బిడ్డను ఎత్తి ఇస్తారు, పెంచేవాళ్ళు చేతులు చాచి అందుకుంటారు. 1956 నాటి హిందూ దత్తత చట్టం ఆ పట్టును వదల్లేదు. దత్తహోమం చెయ్యకపోయినా దత్తత చెల్లుతుందంటుంది. బిడ్డను నిజంగా ఇచ్చి పుచ్చుకోకపోతే చెల్లదంటుంది. ఇంకో ముచ్చటైన సంగతి ఉంది. కన్నవాళ్ళు తెలియని బిడ్డ అయితే, ఆమె పెరిగిన చోటు నుంచి కొత్త ఇంటికి మార్చే ఉద్దేశంతో ఆ ఇచ్చిపుచ్చుకోవటం జరగాలని అదే సెక్షన్ చెబుతుంది. ‘పెరిగిన చోటు’ అన్న మాట చట్టంలో ఉంది, వినండి. నిప్పును వదులుకున్న చట్టం చోటును వదులుకోలేదు. (మన కోర్టుల్లో ఎన్ని ఆస్తి తగాదాలు ‘ఆ రోజు బిడ్డను ఎవరి ఒళ్ళో పెట్టారు’ అన్న సాక్ష్యం చుట్టూ తిరిగాయో పాత వకీళ్ళను అడగండి. ఆస్తి కోసమైతే ఆ క్షణాన్ని అంత శ్రద్ధగా గుర్తుపెట్టుకున్నాం.)

ఇప్పుడు భిలాయి నుంచి బయల్దేరే జంట సంగతి. ఇవాళ శిశుగృహలో ఉన్న బిడ్డను దత్తత తీసుకోవాలంటే దారి కారా, అంటే కేంద్ర దత్తత సంస్థ. పేరు నమోదు చేసుకుంటారు, ఇంటికి వచ్చి విచారించి నివేదిక రాస్తారు, ఆపైన ఎదురుచూపు. 2024-25లో దేశం మొత్తం మీద నమోదైన దత్తతలు 4,515. అందులో 4,155 దేశంలోపలివే. వరసలో ఉన్న జంటలు దానికి ఎన్నో రెట్లు, అందుకే ఎదురుచూపు ఏళ్ళ తరబడి. చివరికి ఒక రోజు ఫొటో, బిడ్డ వివరాల నివేదిక, వైద్య నివేదిక కంప్యూటరులో కనిపిస్తాయి. 48 గంటల్లో అవునో కాదో చెప్పాలి. అవునంటే ఆ సంస్థకు వెళ్ళాలి. బిడ్డ ఒడిశాలోని రాయగడ జిల్లాలో దొరికిందనుకుందాం. దుర్గ్‌లో సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మన తెలుగు కుటుంబాలు ప్రతి వేసవికీ వెళ్ళే దారే అది: రాయపూర్, మహాసముంద్, టిట్లాగఢ్, రాయగడ, ఆ తర్వాత పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం. ఏళ్ళ ఎదురుచూపు తర్వాత వెళ్ళేవాళ్ళు కాలు నిలవక వెళతారు, బిడ్డను గుండెకు హత్తుకుంటారు, కాగితాల మీద సంతకాలు పెడతారు, సాయంత్రం బండికే తిరిగి వస్తారు. వాళ్ళ ఆత్రాన్ని తప్పు పట్టలేం. ఆ బండిలో మాత్రం ఒకరికి ఇల్లు దగ్గరవుతుంటే ఇంకొకరికి ఉన్న ఒక్క ఇల్లూ దూరమవుతుంటుంది.

ఆరేడు నెలలు దాటిన బిడ్డ మనుషుల్ని గుర్తుపడుతుంది. ఆమెకు తెలిసిన ప్రపంచం శిశుగృహలోని ఇద్దరు ముగ్గురు ఆయాలు, ఒక ఉయ్యాల, ఒక భాష. రాయగడ బిడ్డయితే ఆ భాష ఒడియా కావచ్చు, కువి కావచ్చు, తెలుగే కావచ్చు. సరిహద్దు జిల్లాల్లో మాట ఎటైనా ఒరుగుతుంది. రెండు మూడు రోజులు ఆ ఊళ్ళో బస చేసి, రోజూ వెళ్ళి కూచుంటే తెలిసే సంగతులు ఏ నివేదికలోనూ ఉండవు. ఏ పేరుతో పిలిస్తే తలెత్తుతుంది, బోర్లా పడుకుంటుందా వెల్లకిలానా, వీపు మీద జో కొట్టాలా ఒళ్ళో ఊపాలా, పాలు ఎంత వెచ్చగా ఉండాలి, రాగి జావ అలవాటైందా, చీకట్లో ఏడిస్తే ఆయా ఏమని ఊరుకోబెడుతుంది. ఆమె పడుకునే దుప్పటి ఒకటి ఉతక్కుండా అడిగి తెచ్చుకుంటే ఇంట్లో మొదటి వారం రాత్రులు తేలికపడతాయి. ఆయాతో ఫొటో తీయించుకోండి, సంస్థ ఒప్పుకుంటే. బిడ్డ దొరికిందని పత్రికలో వేసిన ప్రకటన తేదీ అడగండి. అచ్చయిన పత్రిక ఎలాగూ లోకం చూసిందే. చివరికి దత్తత ఉత్తర్వు ఇచ్చేది కూడా బిడ్డ ఉన్న జిల్లా కలెక్టరే. 2022 సెప్టెంబరు నుంచి ఆ అధికారం కోర్టు నుంచి కలెక్టరుకు మారింది. అంటే మీ ఇంటి బీరువాలో దాచే అతి ముఖ్యమైన కాగితం మీద దుర్గ్ ఉండదు, బిడ్డ జిల్లా పేరుంటుంది.

అసలు గట్టి అభ్యంతరం ఇంకా మిగిలే ఉంది. దీన్ని చెడ్డవాళ్ళు చెప్పరు, ప్రేమించేవాళ్ళే చెబుతారు. ‘ఊరు, ఆయా, ప్రకటన అని దాచిపెట్టి రేపు బిడ్డ ముందు పరిస్తే ఆ పసి మనసు ఏమైపోవాలి? మన కడుపునే పుట్టిందనుకుంటే పోలా?’ అంటారు. అందుకే కొన్ని ఇళ్ళల్లో బిడ్డ వచ్చాక సెక్టారు మారతారు, కొన్నాళ్ళు చుట్టాల రాకపోకలు తగ్గిస్తారు. భిలాయిలో ఈ రహస్యం నిలుస్తుందా అన్నది చూద్దాం. ఒకే షిఫ్టులో పనిచేసేవాళ్ళు ఒకే వీధిలో ఉంటారు, బాలాజీ గుడిలో కలుస్తారు, పెళ్ళికీ చావుకీ ఒకచోట చేరతారు. ఇక్కడ తెలియంది ఒక్క బిడ్డకే. అంటే ఊరందరి దగ్గరున్న తన కథ తన దగ్గర లేని మనిషిని మనం తయారుచేస్తున్నాం. అది ఎప్పుడో పెళ్ళి సంబంధం వేళ ఎవరి నోటినో జారుతుంది. ఈ గుట్టు మన పాత పద్ధతి కూడా కాదు. అన్న కొడుకును తమ్ముడు పెంచుకున్న ఇళ్ళల్లో ఎవరు ఎవరికి పుట్టారో అందరికీ తెలుసు. దత్తుడు కన్నవారింటి పెళ్ళిళ్ళకు వెళ్ళేవాడు, కానుకలు పెట్టేవాడు. కన్నవాళ్ళు తెలియని బిడ్డలు ఇళ్ళకు రావటం మొదలయ్యాక, ఆ తెలియనితనం మనకు సిగ్గుగా తోచి, దాన్ని గుట్టుగా మార్చాం. సిగ్గుపడాల్సింది ఆ బిడ్డ మాత్రం ఎందుకవుతుంది? బాధ ఉంటుందన్న మాట నిజమే. అయితే నాలుగేళ్ళప్పుడు కథలా విన్న బాధకూ, ఇరవై నాలుగేళ్ళప్పుడు మోసంలా తెలిసిన బాధకూ తేడా చాలా ఉంది. మొదటిదానికి అమ్మ పక్కనే ఉంటుంది. రెండోదానికి అమ్మే కారణమవుతుంది.

సెలవు, డబ్బు అనే అభ్యంతరాలను తీసిపారెయ్యను. కాంట్రాక్టు మీద పనిచేసేవాడికి మూడు రోజుల బస అంటే మూడు రోజుల కూలి. మన చట్టాలూ ఈ విషయంలో అర్థంకాని లెక్కలు వేశాయి. 2017లో సవరించిన ప్రసూతి చట్టం, దత్తత బిడ్డ మూడు నెలల లోపుదైతేనే తల్లికి 12 వారాల సెలవు అంది. వదిలేసిన పసిబిడ్డ కన్నవాళ్ళ కోసం వెతకటానికి ఇంకో చట్టం రెండు నెలలు గడువిచ్చింది. తల్లి తానే అప్పగించినా మనసు మార్చుకోవటానికి రెండు నెలలు. ఆ గడువు దాటి, కాగితాలు నడిచి, బిడ్డ ఒడికి చేరేసరికి మూడు నెలలు ఎప్పుడో అయిపోతాయి. ఎవరికి దక్కుతుందని ఆ సెలవు రాశారో రాసినవాళ్ళకే తెలియాలి. అందుకని రెండు వారాలు ఉండమని నేననను. ఒక రాత్రి ఎక్కువుండండి. అదీ కుదరకపోతే ఆ ఒక్క రోజులో ఒక గంట ఆయా పక్కన కూచోండి, సంతకాల బల్ల దగ్గర తగ్గించుకుని.

పద్దెనిమిదేళ్ళు నిండిన దత్తత బిడ్డ తన మూలాలు తెలుసుకోవాలనుకుంటే దరఖాస్తు పెట్టుకోవచ్చని మన నిబంధనలే చెబుతున్నాయి. అంతకన్నా చిన్నదైతే తల్లిదండ్రులతో కలిసి. కన్నవాళ్ళు ఇష్టపడకపోతే వాళ్ళ వివరాలు ఇవ్వరు, ఆ గోప్యత న్యాయమే. తాను ఏ పరిస్థితుల్లో సంస్థకు చేరిందో తెలుసుకునే వీలు మాత్రం ఆమెకు ఉంటుంది. ఆ రోజు ఆమెకు అందేది ప్రభుత్వ భాషలో రాసిన నాలుగు వాక్యాలు. ఆ వాక్యాల పక్కన పెట్టుకోవటానికి మీ దగ్గర ఒక దుప్పటి, ఒక ఆయా పేరు, రైలు టికెట్లు, వానకాలమో ఎండాకాలమో రాసుకున్న ఒక పుస్తకం ఉంటే సరిపోతుంది. చైనా నుంచి వెళ్ళిన అమ్మాయిల్ని పెంచినవాళ్ళు తిరిగి ఆ ఊళ్ళకు తీసుకెళ్ళాలంటే మహాసముద్రాలు దాటాలి, ఏళ్ళ తరబడి డబ్బు కూడబెట్టాలి. మనకా బాధ లేదు. వేసవి సెలవులకు తాతగారి ఊరికి టికెట్లు ఎలాగూ తీస్తాం. సమతా రాయగడలో ఎలాగూ ఆగుతుంది.